అరవై నాలుగు అతుకులు

మా కంపెనీ పేరు ఇక్కడ రాయను. పన్ను నొచ్చినా పడిశం పట్టినా ఇప్పటికీ వాళ్ళ ఆస్పత్రికే పోతున్నాను, అక్కడి డాక్టరుకు ఏది దొరికితే అది చదివే అలవాటుంది. ఇళ్ళలో గోడ మీద ఉండే కరెంటు మీటర్లు చేసే కంపెనీ అది. బెంగళూరుకు తూర్పున, ఆరు వేల మంది పనివాళ్ళు, సొంత బస్సులు, సొంత ఆస్పత్రి, నాలుగు మైళ్ళ దూరం వినిపించే సైరన్. అంత పెద్ద కంపెనీలో నాకు నచ్చనివి చెప్పమంటే పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా చెబుతాను. నంజమ్మ అయితే నచ్చినవే చెప్పేది, అవీ నాలుగు మాటల్లో. ఇది ఆమె కథ. మధ్య మధ్య నేనూ వస్తాను, ఎందుకంటే ఆమెకు జరిగిన నష్టంలో నాకు వాటా ఉంది.

డెబ్బై ఆరులో, దసరా అయిన వారానికి, తీగ చుట్టే విభాగంలో కొత్తగా చేరింది మేమిద్దరమే. నాకప్పుడు ఇరవై ఒకటి. మా నాయనకు చిక్కపేటలో ఇనుప సామాన్ల అంగడి. ఏడాదిలో పర్మనెంటు కాకపోతే వచ్చి అంగట్లో మేకులు తూచమని ముందే చెప్పేశాడు. నంజమ్మ నాకంటే ఆరేళ్ళు పెద్ద. దొడ్డబళ్ళాపురంలో మగ్గాల ఇంట పుట్టి, కబ్బన్‌పేటలో మగ్గాల ఇంటికే కోడలుగా వచ్చింది. ఆమె మొగుడు పిల్లప్ప పట్టుచీరలు నేసేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. కానీ ఉబ్బసం. చలికాలం వచ్చిందంటే మగ్గం గుంటలో కూర్చోలేక, వారాల తరబడి గోడకు ఆనుకుని ఊపిరి కోసం తంటాలు పడేవాడు. పర్మనెంటు అయిన వాళ్ళకు కంపెనీ ఆస్పత్రి కార్డు ఇచ్చేవాళ్ళు, ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది. నంజమ్మ ఉద్యోగంలో చేరింది ఆ కార్డు కోసమే.

మా పని ఏమిటంటే, మీటరు లోపల ఒక తీగ చుట్ట ఉంటుంది. వెంట్రుకంత సన్నని రాగి తీగను బాబిన్ మీద వేల చుట్లు చుట్టాలి. తిప్పేది మిషనే, తీగను వేలితో నడిపించేది మాత్రం మనిషి. బిగిస్తే తెగుతుంది, వదిలితే వదులవుతుంది. వరసగా పన్నెండు మిషన్లు, నీలం చీరలు కట్టుకున్న పన్నెండు మంది ఆడవాళ్ళు. మా మీద సూపర్‌వైజరు జయరామప్ప. నంజమ్మది పదకొండో మిషను, నాది పన్నెండోది.

పొద్దున ఆరుంబావుకు టౌన్‌హాలు దగ్గర కంపెనీ బస్సు ఎక్కేవాళ్ళం. ఒక్క నిమిషం ఆలస్యమైతే కార్డు మీద ఎర్ర సిరా గుర్తు పడేది. బాత్రూముకు పోవాలంటే జయరామప్ప బల్ల మీదున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని పోవాలి. పన్నెండు మందికీ ఒకటే బిళ్ళ. అది ఎవరి చేతిలో ఉందో చూసుకుంటూ తీగ చుట్టడం ఎంత కష్టమో ఆ రూలు పెట్టిన మహానుభావుడికి తెలియదు. సాయంత్రం గేటు దగ్గర, రాగి దొంగిలించామేమోనని సంచి, టిఫిన్ డబ్బా, ఆఖరికి కొప్పు కూడా తడిమి చూసేవాళ్ళు. ఇవన్నీ నేను బస్సులో నంజమ్మకు పోనూ రానూ ఏకరువు పెట్టేదాన్ని. ఆమె అంతా విని తాపీగా తన మాట చెప్పేది.

“ఆదివారం రజా ఇస్తారు కదా అనసూయా. మా ఇంట్లో మగ్గానికి ఆదివారం ఏడుండాది? పండగనాడు కూడా ఇంకొక మూర నేసేస్తే బాగుండునని చెయ్యి పీకుతా ఉంటాది. ఇక్కడ సైరన్ కూస్తే పని ఇక్కడే ఉండిపోతాది. నా ఎనకాల ఇంటికి రాదు.”

క్యాంటీను సంకటి ముద్దలో ఉండలున్నాయని నేను విసుక్కుంటే, “నేను వండని కూడు. ఇంకొకరు వడ్డిస్తా ఉంటే కూర్చుని తింటా ఉండాను. నా పెండ్లిలో కూడా నాకు ఇట్ల కుదరలేదు,” అని నవ్వేది. బుధవారం పాయసం పెడితే గ్లాసు అడుగున వేలు పెట్టి మరీ తినేది.

ఆమెకు నచ్చనిది మాత్రం ఒకటుండేది. “మా నాయన నేసిన చీర చిక్కపేట సావుకారు విప్పి, అంచు చూస్తానే, ఇది వెంకటగిరియప్ప చెయ్యి అనేటోడు. ఇక్కడ పన్నెండు మందివీ ఒకే తొట్టెలో పోసేస్తారు. ఎవరు చుట్టింది ఏదో ఎవరికీ తెలీదు. నాకు అదొక్కటే బేజారు.”

ఆ కంపెనీలో నాకున్న ఒకే ఒక్క సౌకర్యం అదేనని నేను అనుకునేదాన్ని. తప్పు చేసినా ఎవరూ పట్టుకోలేరు కదా!

తప్పు జరగనే జరిగింది. తీగ తెగితే ఆ బాబిన్‌ను ఎర్ర ట్రేలో పెట్టేసి కొత్తది మొదలుపెట్టాలని రూలు. ఆరు వేల చుట్లు చుట్టాక తెగినా అంతే. నంజమ్మకు అది మింగుడు పడలేదు. పోగు తెగిందని చీర పారేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? మగ్గం మీద పోగు తెగితే సాలెవాళ్ళు వేళ్ళకు చిటికెడు బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి పురి పెడతారు. బూడిద వల్ల వేలు జారదు, అతుకు బిగుస్తుంది. పుట్టింట్లో అయిదో ఏట నేర్చుకున్న విద్య అది. తీగ తెగినప్పుడు కూడా ఆమె అదే చేసింది. బ్లేడుతో తీగ మీది పూత గీకి, బూడిద వేళ్ళతో పురి పెట్టి, పైన పలుచని కాగితం చుట్టి పని సాగించింది. టెస్టింగులో ఆ చుట్టలన్నీ పాసయ్యాయి. దొంగతనంగా చేస్తున్నానని ఆమెకు ఏ కోశానా లేదు. కంపెనీ సొమ్ము మిగిలిస్తున్నాననే అనుకుంది.

బూడిదను చిన్న రేకు డబ్బాలో ఇంటి నుంచి తెచ్చుకునేది. ఒక సాయంత్రం గేటు దగ్గర తనిఖీ చేసే ఆమె ఆ డబ్బా తెరిచింది. విభూతి అనుకుని, కళ్ళకద్దుకుని, నొసట పెట్టుకుని, “ఏ దేవుడిది?” అని అడిగింది. నంజమ్మ కాసేపు ఆలోచించి, “మా ఇంటి పొయ్యిది,” అంది నిజాయితీగా. తెలుగు అంతగా రాని ఆమె అదేదో ఊరి పేరనుకుని డబ్బా తిరిగి ఇచ్చేసింది.

ఆ డబ్బాలోంచి నేనూ తీసుకున్నాను. రోజుకు రెండుకు మించి బాబిన్లు ఎర్ర ట్రేలో పెడితే కార్డులో రాసేవాళ్ళు, పర్మనెంటు ఆర్డరు రావలసిన వాళ్ళకు ఆ రాత మంచిది కాదు. మరుసటి ఏడు ఆగస్టు మొదట్లో ఒకరోజు నాకు మూడోసారి తీగ తెగినప్పుడు ఏడుపు ముఖంతో నంజమ్మ వైపు చూశాను. ఆమె తన మిషను ఆపి, నా వేళ్ళు పట్టుకుని అతుకు నేర్పింది. ఆ నెలలో నేను అయిదు అతుకులు వేశాను. లావుగా, వంకరగా వచ్చాయి. అయినా పాసయ్యాయి.

ఆ ఏటి వానాకాలం, వానలు ఎక్కువగా పడే మలెనాడు వైపు మీటర్లు ఆగిపోయాయి. బూడిద చెమ్మ పీల్చి, రాగి పచ్చబడి, అతుకు విడిపోయింది. సంగతి కంపెనీకి వెంటనే తెలియలేదు. మీటరు తిరగలేదని ఏ ఇంటివాడు ఫిర్యాదు చేస్తాడు? పొరుగింటికి కూడా చెప్పకుండా హాయిగా దీపాలు వేసుకుని ఉంటారు. చివరికి కరెంటు ఆఫీసువాళ్ళే మేలుకొని, ఆగస్టులో పదిహేను మీటర్లు తిరగ్గొట్టారు. లోపలి చుట్టలు విప్పితే పచ్చని అతుకు, బూడిదరంగు పొడి కనిపించాయి. ఆ పొడి ఏమిటో ల్యాబువాళ్ళకు అంతు పట్టలేదు.

జయరామప్ప మా పన్నెండు మందినీ నిలబెట్టి ఆ చుట్ట చూపించాడు. “ఇది ఎవరి పనో మీలో ఒకరికి తెలుసు. చెప్పకపోతే నేనేమీ చేసేదానికి లేదు. స్టోర్సులో నాలుగు వేల చుట్టలుండాయి, మీరు ఈ నెల చుట్టినవి. ఎందులో అతుకుండాదో బయటికి కనపడదు. సోమవారం అన్నీ కోసి రాగి కరగబెట్టేదానికి పంపిస్తా ఉండాము.”

అంతే. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం బస్సులో నేను నంజమ్మ చెవిలో గుసగుసలాడాను. “సుమ్నె ఉండు నంజక్కా, ఏమీ చెప్పొద్దు. రెండు నెలలు నోరు మూసుకుంటే ఇద్దరికీ ఆర్డరు వస్తాది. నాలుగు వేలు పోతే కంపెనీకి ఒక లెక్కా? ఎవరు చుట్టిందో ఎవరికీ తెలీదని నువ్వే కదా బేజారు పడేదానివి, ఇప్పుడు అదే మనల్ని కాపాడతాది.”

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శివాజీనగర్ దాటాక అంది, “తప్పు లేకుండా చుట్టిన చుట్టలు అనసూయా. పదిమంది ఆడోళ్ళు నెలంతా వంచిన తల ఎత్తకుండా చుట్టినవి. అన్నీ కోసేస్తారంట.”

“మరి పిల్లప్పన్న కార్డో?”

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దిగేటప్పుడు చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున నంజమ్మ మిషను దగ్గరికి పోకుండా నేరుగా జయరామప్ప బల్ల ముందు నిలబడింది. రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. “సార్, ఆ పొడి ఇదే. మా ఇంటి పొయ్యి బూడిద. అతుకులు వేసింది నేను.”

ఆయన డబ్బా మూత తీసి చూశాడు. “ఎంత పని చేసినావమ్మా!” అన్నాడు.

“నాలుగు వేలూ కోయొద్దు సార్. నా ముందర పోయించండి. అతుకుండేవి ఏరి ఇస్తాను.”

చుట్ట పైన బట్ట టేపు ఉంటుంది, లోపల వేల చుట్లు. అతుకు ఎక్కడో మధ్యలో ఉంటుంది. ల్యాబులో చదువుకున్నవాళ్ళకే కనపడనిది ఈమె ఏరుతుందట! జయరామప్పకు నమ్మకం కుదరలేదు, కానీ కోయడం సోమవారం దాకా ఉంది కదా అని ఒప్పుకున్నాడు. స్టోర్సులో గోనెసంచి పరిచి పోయించాడు. మోసేదానికి నన్ను తోడు పంపాడు.

రెండున్నర రోజులు పట్టింది. ఆమె ఒక్కో చుట్టనూ తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో నిమిరేది. అతుకుంటే ఆ చోట పై పొర రవ్వంత ఎత్తుగా ఉంటుందట. నేను వంద నిమిరినా నాకేమీ తెలియలేదు. లేనివి కుడివైపు, ఉన్నవి ఎడమవైపు పెట్టేది. జయరామప్ప వచ్చి ఎడమవైపు నుంచి ఇరవై తీసి కోయించాడు. ఇరవైలోనూ అతుకుంది. కుడివైపు నుంచి ఇరవై కోయించాడు. ఒక్కదాంట్లోనూ లేదు. ఆ తర్వాత ఆయన వెళ్ళి ఆమెకు క్యాంటీను నుంచి కాఫీ పంపించాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె చేతిలోకి నా చుట్ట వచ్చింది. నాదని నాకెలా తెలుసంటే, నేను టేపు కొసను ఎడమకు మడిచేదాన్ని, తక్కినవాళ్ళంతా కుడికి మడిచేవాళ్ళు. ఆమె నిమిరింది. కళ్ళు తెరిచింది. టేపు చూసింది, నన్ను చూసింది. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుని దాన్ని తన కుప్పలో, ఎడమవైపు పెట్టింది. టేపు విప్పి కుడికి మడిచి మరీ పెట్టింది. అలా అయిదుసార్లు.

లెక్క పెడితే మొత్తం అరవై నాలుగు. జయరామప్ప ఆ అంకె కాగితం మీద రాసి, కింద ఆమె చేత సంతకం పెట్టించాడు. నేను పక్కనే సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు. కంపెనీలో ఏ చిన్న అన్యాయం జరిగినా ఊరంతా చాటే నోరు నాది!

బస్సులో అడిగాను. ఆమె సింపుల్‌గా చెప్పింది. “మగ్గం కాడ నేర్చుకునే పిల్ల తప్పు నేస్తే ఆ తప్పు నేర్పినోళ్ళది. మా నాయన అట్లే లెక్క పెట్టేటోడు. అతుకు నీకు నేర్పింది నేను కదా? ఇద్దరి ఉద్యోగాలూ పోయి ఏమి లాభము. నోరు మూసుకో.”

మూసుకున్నాను. అంత విధేయత నా జన్మలో ఎప్పుడూ చూపించలేదు.

ఆమెను తీసేస్తారనుకున్నాం. దాదాపు నాలుగు వేల చుట్టలు మిగిలాయి గనక, తనంతట తానే చెప్పింది గనక, జయరామప్ప పెద్ద ఆఫీసు చుట్టూ తిరిగి ఉద్యోగం నిలబెట్టాడు. కానీ ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. నాకు నవంబరులో ఆర్డరు వచ్చింది. మా నాయన అంగట్లో లడ్డూలు పంచాడు. ఆ చలికాలం పిల్లప్ప కార్డు లేకుండానే గడిపాడు. డిసెంబరులో ఒకసారి చూడబోతే, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని, మాట్లాడలేక, నన్ను చూసి చేతులు జోడించాడు. నంజమ్మ నాకు కాఫీ ఇచ్చింది. సగం తాగి గ్లాసు కింద పెట్టేసి వచ్చేశాను.

మే నెలలో ఆమెకూ ఆర్డరు వచ్చింది, కార్డు వచ్చింది. కంపెనీ డాక్టరు మందుతో పిల్లప్ప మూడో చలికాలానికల్లా చలిలో కూడా మగ్గం ఎక్కాడు. నంజమ్మకు అంతకు మించి కోరికలు లేవు. సైరన్ కూయగానే కొంగు దులుపుకుని లేచేది. ఆదివారాలు లాల్‌బాగ్‌కు పోయి చెట్టు కింద ఏ పనీ లేకుండా కూర్చుని వచ్చేది. అలా కూర్చోవడం గురించి సోమవారం బస్సులో నాకు చెప్పేది, అదేదో చూడదగ్గ వింత అయినట్టు.

ఎనభై ఆరులో మా విభాగానికి ఇన్‌స్ట్రక్టరు పోస్టు వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పడం, మిషను ముందు కూర్చోవడం ఉండదు, బిళ్ళ అడగక్కర్లేదు. మా ముందున్న వాళ్ళు కొందరు రిటైరయ్యారు, కొందరు టెస్టింగుకు మారిపోయారు. సీనియారిటీలో మొదట నేను, నా వెనక ఆరు నెలల తేడాతో నంజమ్మ. పెద్ద కంపెనీలో ఆ ఆరు నెలలు చచ్చేదాకా వదలవు.

జయరామప్ప అప్పటికి ఫోర్‌మన్ అయ్యాడు. పిలిచి అభినందించాడు. మర్నాడు నాకు ఆ పోస్టు వద్దని, గట్టిగా మాట్లాడితే గొంతు పోతుందని ఒక కాగితం రాసిచ్చాను. ఆయన అది రెండుసార్లు చదివాడు. “నీకు గొంతు నొప్పా?” అన్నాడు. అవునన్నాను. నిజం చెప్పడానికి అప్పుడూ ధైర్యం చాలలేదు. పోస్టు నంజమ్మకు పోయింది, అంతే చాలని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆమె పాఠం మొదలుపెట్టిన రోజు, కొత్త బాబిన్ల ట్రే ఇవ్వడానికి ఆ గదికి పోయాను. ఆరుగురు పిల్లలు, కొత్త నీలం చీరలు ఇంకా పెళపెళలాడుతున్నాయి. వెనక గోడకు ఆనుకుని జయరామప్ప నిలబడి వింటున్నాడు. నంజమ్మ చేతిలో తీగ పట్టుకుని పుటుక్కున తెంపింది.

“తెగింది. ఇప్పుడేమి చేస్తారు?”

“ఎర్ర ట్రేలో పెడతాము,” అన్నారు పిల్లలు.

“నేను పెట్టలేదు. అతికినాను. తెలివైనదాన్ని అనుకున్నాను.” బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్కతో పెద్దగా 64 అని రాసింది. “ఇన్ని అతుకులు. అన్నీ నేను వేసినవే. వీటికి ముందు వేసినవి వాన పడితే విడిపోయినాయి. తెగితే దాచిపెట్టొద్దు, చెప్పండి. చెప్తే ఏమీ కాదు. చూడండి, నేను ఈడనే ఉండాను కదా.”

అన్నీ నేను వేసినవే. తొమ్మిదేళ్ళ తర్వాత, అడిగేవాళ్ళు లేని చోట కూడా, అరవై నాలుగే చెబుతోంది! చేతిలోని ట్రేను బల్ల మీద పడేసినట్టు పెట్టాను.

“కాదు,” అన్నాను. గది అదిరేట్టు వచ్చింది గొంతు. “ఆమెవి యాభై తొమ్మిదే. అయిదు నావి.”

పిల్లలు బిత్తరపోయి చూశారు. జయరామప్ప కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడవబోయి, ప్యాంటులో ఉన్నానని గుర్తొచ్చి జేబురుమాలు వెతుక్కున్నాడు. “గొంతు బాగానే ఉండాది కదమ్మా,” అన్నాడు.

నంజమ్మ ఏమంటుందోనని చూశాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె నన్ను తేరిపార చూసి, చిన్నగా నవ్వింది. “సరేలే. ఇంక నువ్వు నేర్చుకునే పిల్లవి కాదు,” అంది.

అరచేత్తో 64 చెరిపేసి, 59 వేసి, పక్కన తన పేరు రాసింది. కింద 5 వేసింది. దాని పక్కన కన్నడ అక్షరాల్లో, కుదురుగా, అనసూయ అని రాసింది. పదేళ్ళలో ఆ కంపెనీలో నేను చేసిన పనికి నా పేరు పెట్టడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంగా కూడా ఉంది.